వాటం లేని బాత్రూం

అమీర్‌పేటకి ఒక మతం ఉంది. ఏ విద్యనైనా నలభై ఐదు రోజుల్లో నేర్చేసుకోవచ్చన్నదే ఆ మతం. కరెంటు స్తంభాల మీద, టీ కొట్ల గోడల మీద, ఆగి ఉన్న ఆటోల వెనక అదే మాట రంగురంగుల కాగితాల్లో కనిపిస్తుంది. మొదటి మూడు క్లాసులు ఉచితం కూడా. మా ఆయన ఆ మతంలో పద్దెనిమిదేళ్లుగా పూజారి. ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతారు. అంటే ఇంకొకడు చేసిన పనిలో తప్పులెక్కడున్నాయో పట్టుకోవడం నేర్పుతారన్నమాట. తను చేసిన పనిలో తప్పు పట్టుకోవడం ఆ సిలబస్‌లో లేదని నాకు మా బాత్రూం పుణ్యమా అని తెలిసింది.

మాది పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో మూడో అంతస్తు ఫ్లాటు. పాతది. వంటింట్లో కడప రాయి గట్టు, దాని కింద జిడ్డు పట్టిన చెక్క తలుపులు. బాత్రూంలో తడి కాలు పెడితే జారే పాత పలకలు. మాకు అలవాటైపోయి ఎక్కడ జారుతుందో అక్కడ కాలు పెట్టకుండా బతికేశాం. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ ఖాయం కావడంతో ఆ బతుకు ఇక చెల్లలేదు. ఆవిడ ఉండేది సనత్‌నగర్‌లో మా బావగారింట్లో. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా బిల్డింగులో లిఫ్టుంది. కాబట్టి ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే రావాలి, మూడు నెలలు ఉండాలి. నెల రోజుల్లో మా బాత్రూం, వాకర్ పట్టుకున్న మనిషి భయం లేకుండా వెళ్లి వచ్చేలా తయారవ్వాలి. అసలు పని అదొక్కటే. వంటిల్లు దానికి మేం తగిలించుకున్న తోక.

మొదట ఒక మేస్త్రిని పిలిచాం. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతను తాపీ పని చేస్తే ఆవిడ సిమెంటూ ఇసకా మాల్ కలిపి అందిస్తుందట. అతను బాత్రూంలోకి వెళ్లి మగ్గుతో నీళ్లు పోసి, అవి ఎటు పోతున్నాయో చూసి, "పలకలు పాతవైనయ్ గని, కింద వాటం మంచిగున్నది సార్. దాన్ని కదిలియ్యొద్దు. మీదికెళ్లే కొత్తయి వేస్త" అన్నాడు. వాటం అంటే నీళ్లు బయటికి పోయే జాలీ వైపు జారిపోయేలా నేలకి పెట్టే వాలు. ఆ మాట మేమిద్దరం విన్నాం. విన్నామంటే చెవుల్లో పడింది, అంతే.

వాళ్లు వెళ్లబోతుంటే ఆవిడ నా దగ్గరికొచ్చి, "మేడమ్, జర బాత్రూంకు పోయొస్త" అంది. నేను తడుముకోకుండా, "కింద వాచ్‌మన్ గది పక్కన ఉందమ్మా, అక్కడికెళ్లు" అన్నాను. ఆవిడ కొంగు సవరించుకుని మెట్లు దిగిపోయింది. తను బాగు చేయబోయే బాత్రూం ముందే నిలబడి అడిగిందన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మా వైపు ఇళ్లలో పనివాళ్లకి ఇలాగే చెబుతారు, నేనూ చెప్పాను. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం అన్నం హాయిగా దిగింది.

మా ఆయన గుమ్మం కొలత తీసుకుంటూ అంతా విన్నారు. ఏమీ అనలేదు. సాయంత్రం టీ తాగుతూ, "మేస్త్రి గీస్త్రి ఎందుకు, మనమే చేసుకుందాం" అన్నారు. ఫోన్లో చూసిన వీడియోల మహిమ అనుకున్నాను. ఎవడో తెల్లదొర, నలగని చొక్కా తొడుక్కుని, పది నిమిషాల్లో పాత బాత్రూం తీసేసి కొత్తది పెట్టేస్తాడు. వాడికి చెమట పట్టదు, సిమెంటు అంటదు, పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. "మా నాయన మేస్త్రి. గా పని నాకు రక్తంలనే ఉంటది" అన్నారు మా ఆయన. రక్తంలో ఉన్నది షుగరు మాత్రమేనని రిపోర్టుల్లో స్పష్టంగా రాసి ఉంది.

నేనేం తక్కువ తినలేదు. ఎర్రమంజిల్లో ఒక ఆఫీసులో పాతికేళ్లుగా ఇతరుల ఫైళ్ల మీద అభ్యంతరాలు రాసే ఉద్యోగం నాది. ఏ పనీ చేయకుండానే పని తెలిసినట్టు మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఒక కొత్త నోటు పుస్తకం తీసి, మొదటి పేజీలో పనులన్నీ వరసగా రాసి, ఎదురుగా టిక్కులు పెట్టడానికి గళ్లు గీశాను. ఆ గళ్లు గీసినప్పుడే సగం పని అయిపోయినంత తృప్తి కలిగింది. ఇద్దరు దద్దమ్మలు ఒకే కప్పు కింద ఉంటే వాళ్లకి ధైర్యం ఎక్కువ.

ముందు వంటింటి మీద పడ్డాం. అది తేలిక కదా, దాని మీద చెయ్యి తిరుగుతుందన్నారు. గోడకి పలకలు కొట్టకుండా, వెనక కాగితం పీకి అంటించే పలకలు తెప్పించాం. వీడియోలో ఆ అమ్మాయి వాటిని అంటించి పొయ్యి మీద ఏదో ఆకుకూర ఉడకబెట్టుకుంది. మన పొయ్యి మీద జరిగేదేమిటో ఆ కంపెనీవాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ ఘాటు లేచి, దాని మీద చింతపండు పులుసు సుయ్‌మని పడే గోడ అది. అంటించిన నాలుగో రోజున పప్పుచారుకి పోపు పెడుతుంటే పై వరసలో ఒక పలక మెల్లగా తల వంచి, గిన్నెలోకి దిగింది. మా ఆయన వచ్చి చూసి, "నువ్వు మంట ఎక్కువ వెడ్తున్నవ్" అన్నారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మంట తగ్గించి పోపు పెట్టే ఇల్లాలు ఈ తెలుగు దేశంలో ఎక్కడుందో చూపించమన్నాను.

చెక్క తలుపులకి రంగు నేను వేశాను. తెల్లరంగు కావాలని పట్టుబట్టింది నేనే. పసుపు, కారం, నూనె చేతులతో రోజుకి యాభై సార్లు తెరిచే తలుపులకి తెల్లరంగు. చేతకానమ్మకి చేష్టలెక్కువని మా అమ్మ ఊరికే అనేది కాదు. కింద నేల పాడవకుండా మా ఆయన కోచింగ్ సెంటర్ కరపత్రాలు పరిచారు. రంగు కారి, అవి నేలకి అంటుకుపోయాయి. ఇప్పటికీ పొయ్యి గట్టు కింద వంగి చూస్తే "వంద శాతం ఉద్యోగ గ్యారంటీ" అన్న అక్షరాలు కనిపిస్తాయి. మేము బిగించిన రెండు తలుపుల్లో ఒకటి మూస్తేనే రెండోది తెరుచుకునేది. ఎదురు బిల్డింగు హాస్టల్లో ఆడపిల్లలు బట్టలారేసే నెపంతో బాల్కనీలో నిలబడి మమ్మల్ని చూసేవారు. నవ్వుకునేవారు కూడా. వాళ్లని తప్పు పట్టలేను.

ఈ ముచ్చటకి మూడు వారాలు పట్టింది. బాత్రూంకి మిగిలింది పది రోజులు.

మేస్త్రి కదిలించొద్దన్న నేలనే మా ఆయన ముందు పగలగొట్టారు. పాత పలకల మీద కొత్తవి వేస్తే గుమ్మం ఎత్తు తక్కువైపోతుందని వీడియోలో చెప్పారట. కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు తగిలించుకుని, సుత్తి పట్టుకుని రెండు రోజులు దంచారు. నేను పెంకులు గోనెసంచుల్లోకి ఎత్తాను. రెండో రోజు చివరికి ఇద్దరికీ నడుములు పోయాయి, మాటలు కూడా పోయాయి.

ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూం. దాన్ని పగలగొట్టాక మేమెక్కడికి వెళ్లాలన్నది నా నోటు పుస్తకంలో ఏ గడిలోనూ లేదు. కిందికే వెళ్లాం, వాచ్‌మన్ గది పక్కకి. ఆఫీసుకి కట్టుకునే చీర భుజాన వేసుకుని, ఒక చేత్తో బకెట్టు, ఒక చేత్తో సబ్బుపెట్టె పట్టుకుని, స్కూటర్ల మధ్య నిలబడి నా వంతు కోసం చూశాను. పైఅంతస్తు ఆవిడ కారు తీస్తూ, "ఏంటండీ, రిపేర్లా?" అని పలకరించింది. అవునన్నాను. వాచ్‌మన్ భార్య మర్యాదగా, "జర ఆగుండ్రి మేడమ్, మా ఆయన లోపలున్నడు. ఇగ వస్తడు" అంది. ఆవిడ తన పిల్లల్ని ఆపి నన్ను ముందు పంపించింది కూడా. మూడో రోజు నుంచి నేను ఆఫీసులో మధ్యాహ్నం దాటాక నీళ్లు తాగడం మానేశాను. సాయంత్రం ఇంటికొచ్చి కిందికి దిగే పని తప్పుతుందని.

ఇక నేల. మా ఆయన రసమట్టం కొన్నారు. గాజు గొట్టంలో పచ్చటి నీళ్లు, అందులో గాలిబుడగ. బుడగ గీతల మధ్య నిలబడితే నేల సమంగా ఉన్నట్టు లెక్క. సిమెంటు పరిచి, మట్టం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకి ఆనించి చూస్తూ, రెండు గంటలకొకసారి "పర్ఫెక్ట్" అనేవారు. ఒక్క మూల కూడా వెంట్రుకవాసి ఎత్తు లేదు, పల్లం లేదు. క్యారమ్ బోర్డులా ఉంది. జారని పలకలు తెచ్చి, మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి వరసలు తప్పకుండా అంటించారు. గోడకి పట్టుకునేందుకు స్టీలు కడ్డీ బిగించారు. ఫొటో తీసి తన స్టూడెంట్ల గ్రూపులో పెడితే నలభై మంది చప్పట్లు కొట్టారు. ఆ నలభై మందీ టెస్టర్లే. ఒక్కడైనా "సార్, నీళ్లు పోసి చూశారా?" అని అడగలేదు. నేనూ అడగలేదు. నోటు పుస్తకంలో టిక్కు పెట్టాను.

అత్తగారు రావడానికి ముందురోజు మొదటిసారి నేను స్నానానికి వెళ్లాను. రెండు చెంబులు పోసుకోగానే పాదాల కింద నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. మూడో చెంబుకి గుమ్మం దాటి హాల్లోకి బయల్దేరాయి. జాలీ మాత్రం పొడిగా, శుభ్రంగా, కొత్త పెళ్లికూతురిలా ఒక పక్కన కూర్చుని ఉంది. తడిబట్టలతోనే తలుపు తీసి పిలిచాను. మా ఆయన వచ్చి చూశారు. రసమట్టం తెచ్చి నీళ్లలో పెట్టి చూశారు. బుడగ సరిగ్గా మధ్యలోనే ఉంది.

"లెవెల్ కరెక్టే గద" అన్నారు.

"లెవెల్ కరెక్టు కాబట్టే నిలిచాయండీ" అన్నాను.

ఆ మనిషి ముఖం చూస్తే జాలి వేయాలి. నాకు వేయలేదు. పద్దెనిమిదేళ్లుగా లోకానికి తప్పులు పట్టడం నేర్పుతున్న ఘనుడు, బాత్రూం నేలని హాలు నేలలా కట్టాడు. ఆయన బజారుకెళ్లి ఒక పెద్ద వైపర్ తెచ్చారు. స్నానం చేసిన ప్రతిసారీ దాంతో నీళ్లు నెట్టుకోవాలట. వారం కష్టపడి కట్టిన దాని విలువ చివరికి ఒక రబ్బరు ముక్క మీద ఆధారపడిందన్నమాట.

మర్నాడు ఆపరేషనయిన అత్తగారిని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చారు. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడా, పోయిన మా మావగారూ ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు కట్టుబడి పనుల్లో బతికారు. మావగారు తాపీ మేస్త్రి. ఆవిడ ఇసకా ఇటుకా మాలూ మోసింది. నాది అమీర్‌పేటలో కోచింగ్ రోజుల్లో కుదిరిన పెళ్లి. మా పుట్టింటివాళ్లకి నేను మావగారిని బిల్డింగ్ కాంట్రాక్టరని చెప్పాను. ఆ అబద్ధాన్ని ఇన్నేళ్లూ ఎవరూ దిద్దలేదు, నేను దిద్దనివ్వలేదు. ఆవిడ మా ఇంటికి వచ్చేది, అన్నం తినేది, పొద్దుగుంకకముందే సనత్‌నగర్ వెళ్లిపోయేది. ఒక్క రాత్రి కూడా ఉండలేదు. మొండిమనిషని, పొగరని నాకు నేనే ఒక అభిప్రాయం రాసిపెట్టుకున్నాను.

వాకర్ పట్టుకుని ఆవిడ మొదట బాత్రూం గుమ్మం దగ్గరికే నడిచింది. కొడుకు కొత్త బాత్రూం కట్టాడని విని వచ్చింది కదా. "చెంబెడు నీళ్లు పొయ్యి బిడ్డా" అంది నాతో. పోశాను. నీళ్లు ఎక్కడ పోశానో అక్కడే నిలిచాయి. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏం కొడుకా, చేపలు పెంచుతవా?" అంది.

మా ఆయన వైపర్ చూపించబోయారు. ఆవిడ ఆ వైపు తిరగనైనా లేదు. "నేను గీండ్లకు రాను. జారి పడ్తే మల్ల కోస్తరు" అంది. ఆవిడ అన్నది న్యాయమే. చేసేది లేక మంచం పక్కన, మధ్యలో చిల్లున్న కుర్చీ ఒకటి అద్దెకి తెచ్చి పెట్టాం. కింద గిన్నె ఉంటుంది. ఆ గిన్నె తీసి కడగడం నా వంతు. ముక్కు మూసుకుని చేశాను. అసహ్యం దాచుకోవడానికి ప్రయత్నించాను కానీ ముఖం మన మాట వినదు.

ఆవిడ నా ముఖాన్ని చదివేసింది. నీళ్లు తాగడం మానేసింది. రోజుకి రెండు లీటర్లు తాగించమని డాక్టరు చెప్పాడు. గ్లాసు ఇస్తే పెదవి తడుపుకుని పక్కన పెట్టేది. టీ వద్దనేది. మజ్జిగ వద్దనేది. రెండో రోజుకి ఒంటేలుకి పోయినప్పుడల్లా మంట అని పళ్లు బిగించింది, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, నీళ్లు పోకపోతే ఇన్ఫెక్షన్ ముదురుతుందనీ, కొత్త మోకాలికి కూడా మంచిది కాదనీ, మళ్లీ చేర్చాల్సి వస్తుందనీ చెప్పాడు. ఫోన్లోనే మాత్రలు రాసి పంపాడు.

"మొండితనం కాకపోతే ఏంటి అత్తయ్యా, నీళ్లు తాగడానికేం రోగం?" అన్నాను.

"నాకు అలవాటే బిడ్డా. పనికి పోయినప్పుడు పొద్దుగూకేదాంక తాగకపోదుం. తాగితే ఏడికి పోతం?" అంది.

ఎక్కడికి పోవాలో తెలియక నీళ్లు మానుకోవడమంటే ఏమిటో నాకు ఆ వారమే తెలిసొచ్చింది. నేను అయిదు రోజులు చేశాను. ఆవిడ ముప్పై ఏళ్లు చేసింది. వంటింట్లోకి వెళ్లి, అక్కడున్న మా ఆయన మీద పడ్డాను.

"చేసిన ఘనకార్యం చాలు. ఆ మేస్త్రికి ఫోన్ చెయ్యండి. రేపే రమ్మనండి."

"ఏ మొఖం వెట్టుకొని పిల్వాలె?" అన్నారు.

"ఏం, మన నేల చూసి నవ్వుతాడనా?"

ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత కోపంగా ఆయన మాట్లాడటం నేను వినలేదు. "ఆయన భార్య బాత్రూం అడిగితే నువ్వు కిందికి తోలినవ్. మా అమ్మ సుత గట్లనే అడిగేది, గట్లనే తోలెటోళ్లు. చిన్నప్పుడు నేను పక్కపొంటి ఉండి చూసిన. నా ఇంట్ల సుత గదే జరిగింది. నేను నోరు మూస్కొని నిలవడ్డ. మల్ల వాళ్లనే పిల్చి, గదే బాత్రూం కట్టమని ఎట్ల అడ్గుత?"

ఇంతకాలం నేను వీడియోల పిచ్చి అనుకున్నది ఇదన్నమాట. నాకు చెప్పాల్సిన మాట చెప్పే ధైర్యం లేక, ఆయన ఒక నేల మొత్తం పగలగొట్టారు. ఆయన పిరికితనం మీద మండిపోయింది. అంతకన్నా ఎక్కువగా నా మీద నాకు రోత పుట్టింది. ఇద్దరం ఇంకా వంటింట్లోనే ఉండగా, లోపల మంచం మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. అంతా వినేసింది.

"ఎవ్వల్ని పిల్వకుర్రి. నేనున్న గద. కుర్చీ గాడ ఎయ్యుర్రి."

మర్నాడు ఇద్దరం సెలవు పెట్టాం. బాత్రూం గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ, ఆపరేషన్ కాలు చాపుకోవడానికి ఇంకో కుర్చీ, ఆవిడ చేతిలో పాత గొడుగు కర్ర. మా ఆయన మళ్లీ సుత్తి పట్టుకున్నారు. "గట్ల గాదు, ఉలి పండవెట్టి కొట్టు. కింద పైపు పగుల్తది" అంటూ కర్రతో ఆయన మోచేతి మీద కొట్టింది. నన్ను మాల్ కలపమంది. నేను నీళ్లు ఎక్కువ పోశాను. "గిది మాలా, అంబలా?" అంది. రెండోసారి తక్కువ పోశాను. "ఆఫీసుల సుత గిట్లనే చేస్తవా?" అంది. పాతికేళ్లుగా నా ఫైళ్ల మీద ఎవరూ రాయని అభ్యంతరం అది. మూడోసారి కొలత ఆవిడనే అడిగి పోశాను.

రసమట్టం చూపిస్తే అవతల పెట్టేయమంది. మూలల్లో మేకులు కొట్టించి, అక్కడి నుంచి జాలీ దాకా దారాలు కట్టించింది. ప్రతి దారం గోడ దగ్గర రెండు వేళ్ల ఎత్తు, జాలీ దగ్గర నేలకి ఆనాలి. ఆ దారం వెంబడే మాల్ పరవాలి. ఆవిడ వంగలేదు కాబట్టి మోకాళ్ల మీద వంగింది నేను. గమేళా నిండా మాల్ నేను మోస్తే, తాపీతో ఆయన పరిచేవారు, ఆయన అలసిపోతే నేను పరిచేదాన్ని. అయిదు గమేళాలు మోసేసరికి మెడ పట్టేసింది. ఆవిడ ఎన్ని మోసిందో అడుగుదామనుకుని, అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నాను.

"మీరు మేస్త్రి కొడుకు కదా, మీకెందుకు రాలేదండీ ఇది?" అని మా ఆయన్ని దెప్పాను. ఆయన జవాబు చెప్పేలోపే అత్తగారు అందుకుంది. "వాన్ని మేమే రానియ్యలె. మాల్ ముట్టుకుంటే వాళ్ల నాయన కొడుతుండె. సదువుకోవాలని. వానికెట్ల ఎరుకైతది?" అంది. రక్తంలో ఉందని ఎగిరిన మనిషి తల వంచుకుని తాపీ రుద్దుకుంటూ కూర్చున్నారు. అప్పుడు మాత్రం దెప్పినందుకు బాధ కలిగింది.

మాల్ కొంచెం గట్టిపడ్డాక మగ్గుతో ఒక్కో మూల నుంచీ నీళ్లు వదలమంది. మూడు మూలల నీళ్లు జాలీకి చేరాయి. నాలుగోది దారిలో ఆగింది. తీసేయించింది. మళ్లీ పరిచాం. మళ్లీ ఆగింది. మళ్లీ తీసేయించింది. "నాలుగు మూలలకెళ్లి ఉర్కాలె. ఒక్క సుక్క నిలవొద్దు" అంటుంది తప్ప, ఫరవాలేదన్న మాట ఆవిడ నోట రాదు. మా కోచింగ్ సెంటర్లూ, మా ఆఫీసులూ మొత్తం ఫరవాలేదన్న మాట మీదే నడుస్తున్నాయి. నాలుగోసారికి నీళ్లు వంకరగా, తొందరగా, ఎవరో పిలిచినట్టు జాలీలోకి పోయాయి. మా ఆయన నా వైపు చూశారు. నెల రోజుల్లో మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నది అప్పుడే అనుకుంటాను.

రెండో రోజు పలకలు వేశాం. మూడు రోజులు ఎవరూ అడుగు పెట్టకూడదంది. ఆ మూడు రోజులూ ఆవిడ మాత్ర వేసుకోవడానికి పట్టేటన్ని నీళ్లే తాగింది. కుర్చీ కింది గిన్నె కడుగుతున్నప్పుడు నేను ముక్కు మూసుకోలేదు. వాసన లేక కాదు. జ్వరం మాత్రం పూర్తిగా దిగలేదు, మంట తగ్గలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బ్యాగు సర్ది గుమ్మం దగ్గర పెట్టుకున్నాం.

నాలుగో రోజు పొద్దున ఆవిడ వాకర్ తీసుకుని లేచింది. నేను పక్కన నడిచాను. గుమ్మం దగ్గర ఆగి, "ఇగ నువ్వు ఉండు" అంది.

"తలుపు దగ్గరగా వేసుకోండి అత్తయ్యా, గడియ పెట్టకండి. పడితే నేను రాలేను."

ఆవిడ లోపలికెళ్లింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. మా ఆయన పరిగెత్తుకొచ్చారు. ఇద్దరం తలుపుకి ఇవతల చెవులు ఆనించి నిలబడ్డాం. మగ్గు చప్పుడు, నీళ్ల చప్పుడు, మళ్లీ నీళ్ల చప్పుడు. చాలాసేపు. "అమ్మా" అని మా ఆయన రెండుసార్లు పిలిస్తే, రెండుసార్లూ "నిమ్మళంగ పోనియ్యి కొడుకా" అంది.

బయటికొచ్చి మంచం మీద కూర్చుంది. నేను పాదాలు తుడుస్తుంటే నా తల మీద చెయ్యి వేసి, మామూలుగా, పొయ్యి మీద బియ్యం వేశావా అని అడిగినట్టు చెప్పింది.

"ముప్పై ఏండ్లు మోసిన బిడ్డా. ఎన్ని బాత్రూంలు కట్టినమో లెక్క లేదు. పని అయినంక ఒక్కదాంట్ల సుత లోపలికి పోయి గడియ వెట్టుకోలె. గియ్యాల వెట్టుకున్న."

నేను తల ఎత్తలేకపోయాను. కళ్లనీళ్లు ఆవిడ పాదాల మీద పడితే, తడి ఆరలేదనుకుని మళ్లీ తుడిచాను.

"చెంబు నిండ నీళ్లియ్యి" అంది. తెచ్చిచ్చాను. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, ఇంకా ఉంటే తెమ్మంది.